ఎండనీ దిదీ ఊపిరి

నేపాల్ కొండల్లోని తాన్సేన్‌లో మనసరా ఆలే ఇల్లెక్కడ అని అడిగితే చాలామంది తల గోక్కుంటారు. ‘ఎండనీ దిదీ’ ఇల్లెక్కడ అంటే మాత్రం, బజారులో ఢాకా గుడ్డలమ్మే ముసలాయన కూడా కత్తెర పక్కన పెట్టి దారి చూపిస్తాడు. ఆ పేరు ఆమెకు కొండమీది ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకునే ఆడపిల్లలు పెట్టారు. జ్వరం వదలనివాళ్ల రక్తం తీసి, ప్రత్యేకమైన సీసాలో పోసి, వెచ్చగా ఉంచి, అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష ఒకటుంది. కల్చర్ అంటారు. ఆ రక్తం తీయబోయే ముందు చర్మం మీద స్పిరిటూ, దాని మీద అయోడినూ రాస్తారు. అది తనంతట తాను ఎండాలి. అప్పుడే క్రిములు చస్తాయి, అప్పుడే సూది. నేర్చుకునే పిల్లలకు చేతిలో సూది ఉంటే కాలు నిలవదు. "ఎండనీ" అంటుంది మనసరా. "ఇంకా తడే. ఎండనీ!" రోజుకు యాభైసార్లు అంటే ఆ మాటే పేరై కూర్చుంది.

నేను ఆమెకు చిక్కి ఇరవై రెండేళ్లయింది. గోరఖ్‌పూర్‌లో ఎవరో ఈ కొండల మాట చెబితే, మూడు రోజులుండి పోదామని బస్సెక్కాను. జ్వరం మూడు వారాలు పడుకోబెట్టింది. జ్వరం పోయాక ఊరు పట్టుకుంది; ఇప్పటికీ వదల్లేదు. ఆ మొదటిరోజే మోచేతి మడతలో అయోడిన్ చురుక్కుమంటే, అలవాటుగా ‘ఉఫ్’ అని ఊదుకున్నాను. మా అమ్మ నేర్పిన వైద్యం అది. మోకాలు చెక్కుకుపోయినా ఉఫ్, కంట్లో నలుసు పడ్డా ఉఫ్, పాలు వేడిగా ఉన్నా ఉఫ్.

మనసరా చేతిలో దూది కింద పడేసింది.

"ఎవరు ఊదమన్నారు నిన్ను, మద్రాసీ బా?" వింధ్య దాటి దక్షిణాన పుట్టినవాళ్లంతా ఈ ఊళ్లో మద్రాసీలే. బా అంటే నాన్న. "నోట్లో ఎన్ని పురుగులుంటాయో తెలుసా? అవన్నీ నీ చేతి మీద దిగాయి. రేపు సీసాలో అవే మొలుస్తాయి. డాక్టరు నీ జ్వరానికి మందివ్వడు, నీ నోటికిస్తాడు."

"ఒక్క ఊపిరికేనా తల్లీ?"

"ఒక్క ఊపిరికే. మళ్లీ మొదటినుంచి."

నిజంగానే మొదటినుంచి మొదలుపెట్టింది. చేతులు కడుక్కుంది. రబ్బరు గొట్టం కట్టి, నరం ఎక్కడుందో వేలితో వెతికి, గొట్టం వదులు చేసింది. సీసా మూత మీది రబ్బరును స్పిరిటుతో తుడిచింది. నా చర్మాన్ని నడిమి నుంచి బయటికి, చుట్లు చుట్లుగా, వెళ్లినచోటికి మళ్లీ రాకుండా తుడిచింది. దూది పారేసి, చర్మాన్ని ఎండనిచ్చింది.

"ఇప్పుడు నువ్వు బుట్వల్ బస్సెక్కావు" అంది. "కదలకు. బర్తుంగ్ దాటింది... ఘాటీ దిగుతోంది... ఝుమ్సా... దోభాన్... అదిగో, బుట్వల్." సూది దిగింది. నాకు తెలియనే లేదు.

గడియారం చూడడం కంటే ఇలా కొండ దిగే బస్సు దారిలో ఊళ్లు లెక్కపెట్టడం నయమని తర్వాత చెప్పింది. గడియారం నర్సు చూస్తుంది, రోగి సూది చూస్తాడు. బస్సయితే ఇద్దరూ దారి చూస్తారు. వానాకాలంలో గాలి నిండా తడి ఉంటుంది కనక అయోడిన్ త్వరగా ఎండదు. అప్పుడు ఝుమ్సా దగ్గర కొండచరియ పడుతుంది, బస్సు ఆగుతుంది, ప్రయాణికులంతా దిగి రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు తింటారు. నేను జ్వరం తగ్గి ఆమె ఇంటి పైగదిలో అద్దెకు దిగాక, ఆ చరియ ఆమె నోట ఎన్నిసార్లు పడిందో లెక్కే లేదు.

ఇక్కడ ఆమె తండ్రి మాట చెప్పాలి. హర్కబీర్ ఆలే ఝాంక్రీ, అంటే మంత్రవైద్యుడు. డోలు కొట్టి, బియ్యపు గింజలు చల్లి, రోగి నుదుటి మీద మంత్రం ఊదేవాడు. అతని ఊపిరి కోసం రెండు కొండల అవతలి నుంచి జనం వచ్చేవారు. నేను తిరిగిన ప్రతిచోటా ఇలాంటివాళ్లున్నారు. ఎడారి పక్కన పకీరు నీళ్లలోకి ఊదుతాడు, ఇరావతి ఒడ్డున ముసలమ్మ దారం ముడిలోకి ఊదుతుంది. మనిషికి తన దగ్గరున్నవాటిల్లో ఇవ్వదగ్గది ఊపిరేనని ఎవరు చెప్పారో గాని, ఆ మాట అన్ని దేశాలకూ చేరింది. చిన్నప్పుడు గింజల పళ్లెం పట్టుకుని తండ్రి పక్కన కూర్చున్నది మనసరాయే. ఆమె నర్సింగు చదివి వచ్చిన ఏడు హర్కబీర్ అడిగాడట: "నీ విద్యలో ఊపిరి పనికి రాదటగా?"

"పనికొస్తుంది బా. బిగబట్టడానికి."

ముసలాయన చాలాసేపు నవ్వాడట. ఆఖరి జబ్బులో ఆయన రక్తమూ కూతురే తీసింది. తుడవడం, ఆగడం, పెదవి కదపకపోవడం, అంతా కన్నార్పకుండా చూశాడట. "నువ్వూ ఝాంక్రీవే" అన్నాడట. "డోలు లేదు, అంతే."

అలాంటి మనిషి సీసాలు చెడవు. ఆసుపత్రిలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు చెడ్డాయి. శుభ్రం చేసిన నరాన్ని మళ్లీ వేలితో తడిమి చూడనిదే కొందరికి మనసొప్పదు. కొందరు సీసా మూత తుడవడం మరుస్తారు. కొందరు రక్తం తీసిన సీసాను పాలచెంబులా తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెడతారు, లోపలి క్రిమి చలికే ముడుచుకు చస్తుంది. ఇరవై ఆరేళ్లలో మనసరా సీసా ఒక్కటీ అలా తిరిగి రాలేదు. ల్యాబ్ చూసే సంతకాజీ, సీసా మీద ఆమె చేతిరాత కనబడితే, "ఇది సాక్ష్యం చెప్పే సీసా" అనేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆరేళ్ల కిందట, ఆషాఢంలో, నాట్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, రాంపూర్ వైపు కొండల నుంచి బాలిమాయా అనే ఆమె మనవరాల్ని వీపున కట్టుకుని వచ్చింది. పిల్లకు ఐదేళ్లు. పేరు జున్‌కిరీ, అంటే మిణుగురు. తొమ్మిది రోజుల జ్వరం. తల్లి పది రోజుల బాలింత, కదలలేదు. పిల్ల నీళ్లు తాగుతోంది, మాట్లాడుతోంది. డాక్టరు సుబర్ణ తులాధర్ కుర్రవాడే, ఖాట్మండూ మనిషి. టైఫాయిడ్ కావచ్చు అనుకున్నాడు. మందు పడితే క్రిమి దాక్కుంటుంది కాబట్టి ముందు రక్తం తీయమన్నాడు. పిల్ల తెరిపిగానే ఉంది, సీసా ఏం చెబుతుందో ఒకటి రెండు రోజులు చూసి మందు పెడదామన్నాడు.

సోమవారం పొద్దున మనసరా పిల్ల చెయ్యి పట్టుకుంది. మాస్కు చూసి పిల్ల బావురుమంది. తెల్లగుడ్డ కట్టుకున్నవాళ్లు చచ్చినవాళ్లను మోస్తారని ఆ పిల్లకు తెలుసు. నవ్వు కనబడాలని మనసరా మాస్కు గడ్డం కిందికి లాగింది. బస్సెక్కించింది. బర్తుంగ్ దాటారు. దోమకాటు గోక్కున్నచోట అయోడిన్ తగిలి పిల్ల గిలగిల్లాడింది.

"మండుతోంది! బజ్యై, ఫూ చెయ్!"

బజ్యై, అంటే నాయనమ్మ, పిల్ల కాళ్లు పట్టుకుని మంచం ఆ చివర ఉంది. వంగినా అందదు.

"బస్సు ఆగింది నానీ, చరియ పడింది, కాసేపు..."

"ఫూ చెయ్, ఫూ చెయ్!"

మనసరా ఊదింది.

తన పెదాలు గుండ్రంగా తిరిగిన సంగతి ఊదాక తెలిసిందట ఆమెకు. పిల్ల చప్పున ఊరుకుంది. చెయ్యి మెత్తబడింది. నరం తేలి ఉంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెడితే మళ్లీ ఏడుపు. ఇంత చిన్న ఊపిరి, ఏమవుతుందిలే అనుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఇతరులను అననివ్వని మాట. సూది దింపింది. రక్తం కూడా అరకొరగానే వచ్చింది. సీసాను వెచ్చగా చేతిలో పట్టుకుని తానే ల్యాబ్‌కు తీసుకెళ్లి ఇచ్చింది.

మంగళవారం సాయంత్రం నేనూ మనసరా ఇంటి అరుగు మీద కూర్చుని ఆవాకు కూర ఏరుతున్నాం. సంతకాజీ గొడుగేసుకుని ఇంటికి పోతూ ఆగాడు.

"దిదీ, నీ సీసా పలికింది. పూసల దండలా గుండ్రటి క్రిములు. నోటి జాతి. డాక్టరు బాబుకు చెప్పొచ్చాను. పిల్ల గుండెలో ఏదో చప్పుడు ఉందట, రెండూ కలుపుకుని ఆయన మొహం నల్లబడింది."

"ఇంకేం లేవా?"

"ఇంకేం ఉంటాయి? నీ సీసాలో చెత్త కూడానా!" నవ్వి వెళ్లిపోయాడు.

మనసరా కూర ఏరుతూనే ఉంది. కాసేపటికి చూస్తే ఆకులు పారేసి కాడలు గిన్నెలో వేస్తోంది.

"బా, నేను ఊదాను" అంది.

జరిగింది చెప్పింది. గుండె కవాటం మీద క్రిమి చేరితే వచ్చే జబ్బు ఒకటుందనీ, డాక్టరు అదే అనుకుంటాడనీ, దానికి వారాల తరబడి ఇంజెక్షన్లనీ, అందులో ఒక మందు మూత్రపిండాలనూ చెవులనూ పాడు చెయ్యగలదనీ చెప్పింది.

"అనుమానం వస్తే ఇంకోసారి తీయమంటాడు కదమ్మా" అన్నాను.

"ఇంకెవరి సీసా అయినా అనేవాడు." కాడలన్నీ గిన్నెలోంచి తీసి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. "ఇది నా సీసా అయిపోయింది, నమ్మేస్తాడు."

మర్నాడు వార్డులో జరిగింది నాకు ముగ్గురు చెప్పారు: మనసరా, డాక్టరు, బాలిమాయా. ముగ్గురూ ఒకే మాట చెప్పడం నా అనుభవంలో అరుదు.

డాక్టరు మంచం పక్కన నిలబడి నెమ్మదిగా చెబుతున్నాడు. "ఆమా, పిల్ల గుండెలో క్రిమి ఉన్నట్టుంది. ఇవాళే మందు మొదలుపెడతాం. రేపు ఖాట్మండూ పంపుతాం. నాలుగు వారాలు, ఆరు వారాలు పట్టొచ్చు."

"ఆరు వారాలా!" బాలిమాయా పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "ఇంటి దగ్గర పచ్చి బాలింత. మళ్లో నారు పసుపెక్కుతోంది. ఆరు వారాలు సూదులు గుచ్చితే ఈ మిణుగురులో వెలుగేం మిగులుతుంది? వద్దు నాయనా. మా ఊళ్లో ఝాంక్రీ ఉన్నాడు. ఊదుతాడు. బతికితే బతుకుతుంది."

"ఊదితే గుండె బాగవుతుందా ఆమా?"

"మీరు గుచ్చితే అవుతుందని రాసిస్తావా?"

ఆమె అప్పటికే పిల్లను వీపున కట్టుకునే గుడ్డ దులుపుతోంది. డాక్టరు మనసరా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి దిదీ. మీరు తీసిన రక్తమే కదా."

మనసరా మాస్కు తీసి చేత్తో పట్టుకుంది.

"ఆ సీసా అబద్ధం, డాక్టరు బాబూ. అందులో పెరిగింది నా నోరు."

"ఏంటీ?"

"పిల్ల ఏడిస్తే ఊదాను. తుడిచిన చోటనే. ఊదాక మళ్లీ తుడవలేదు. తెలిసే తీశాను. నిన్న చెప్పాల్సింది. చెప్పలేదు."

వార్డులో నేర్చుకునే పిల్లలు ముగ్గురున్నారు. డాక్టరు చేతిలోని ల్యాబ్ చీటీ వైపూ, ఆమె వైపూ చూశాడు.

"మీరా?" అన్నాడు. "నేను హౌస్‌సర్జన్‌గా వచ్చినప్పుడు తుడిచిన నరం మీద వేలు పెట్టానని నా వేలు మీద కొట్టారు, గుర్తుందా?"

"గుర్తుంది. ఇప్పుడు నువ్వు కొట్టు."

అతను కొట్టలేదు. స్టెతస్కోపు తీసి పిల్ల గుండె మీద పెట్టి చాలాసేపు విన్నాడు. జ్వరంలో, రక్తం తక్కువైనప్పుడు, పిల్లల గుండె ఆపాటి చప్పుడు చేస్తుందని అతనికి తెలుసు. సీసా చెప్పింది కనక ఆ చప్పుడు పెద్దదిగా వినబడింది. ఇప్పుడు మళ్లీ చిన్నదిగా వినబడింది.

"రెండు చేతుల్లోంచీ తీద్దాం. వేరువేరు సూదులు, వేరువేరు సీసాలు" అన్నాడు. "తీసిన మరుక్షణం టైఫాయిడ్ మందు. ఖాట్మండూ మాట తర్వాత."

"ఇంకెవరిచేతనైనా తీయించు బాబూ."

"లేదు. మీరే."

బాలిమాయా గుడ్డ మడత పట్టుకుని నిలబడే ఉంది. ఆమెకు ఈ గొడవంతటిలో ఒక్క ముక్కే పట్టింది. "ఊదింది నువ్వా బహినీ?" అంది మనసరాతో. "నర్సువై ఉండి?"

"మా బా ఝాంక్రీ ఆమా. నోరు మాట వినలేదు."

"ఏ ఊరి ఝాంక్రీ?"

ఊరి పేరు చెప్పింది. బాలిమాయా కళ్లు పెద్దవి చేసింది. "హర్కబీర్ కూతురివా! మా ఆయన పాము కాటుకు... ఇంతకు ముందే చెప్పొద్దూ?" గుడ్డ మంచం మీద పడేసింది. "అయితే ఇంకోసారి గుచ్చుకో. కానీ ఈసారి ఊదేది నేను. నా మనవరాలు నన్నడిగింది, నిన్ను కాదు."

నేర్చుకునే పిల్లలు ముగ్గురూ ‘అయ్యో’ అన్నట్టు మనసరా వైపు చూశారు. అడుగడుగునా వద్దని నేర్పిన పని ఇది.

"ఊదు ఆమా" అంది మనసరా. "ఇప్పుడే ఊదు. నేనింకా చెయ్యి కడుక్కోలేదు. నీ ఇష్టమొచ్చినంతసేపు ఊదు. నువ్వు చాలన్నాక నేను తుడుస్తాను. తుడిచాక మాత్రం నువ్వు కాదు, నేను కాదు, కిటికీ గాలి కూడా తగలకూడదు."

"తుడిస్తే నా మంత్రం పోదూ?"

"మంత్రం లోపలికి పోతుంది. ఎంగిలి పైన ఉంటుంది. నేను ఎంగిలే తుడుస్తా."

ఈ జవాబు ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. హర్కబీర్ విని ఉంటే డోలు కొట్టేవాడు.

బాలిమాయా కొంగు ముడిలోంచి బియ్యపు గింజలు తీసి, పిల్ల తల చుట్టూ తిప్పి, రెండు మోచేతుల మీదా, నుదుటి మీదా, ఆఖరికి అనుమానం తీరక పాదాల మీదా ఊదింది. డాక్టరు కిటికీలోంచి మాడీ లోయ మీది మేఘాలు చూస్తూ నిలబడ్డాడు. "ఇక చాలు" అంది బాలిమాయా చివరికి.

మనసరా అప్పుడు మొదలుపెట్టింది. చేతులు. గొట్టం. నరం. సీసా మూత. స్పిరిటు, అయోడిను, నడిమి నుంచి బయటికి. అన్నిటికంటే ముందే తన మాస్కు చూపించి, దాని మీద పెన్నుతో పిల్లి మీసాలు గీయించుకుంది, జున్‌కిరీ చేతనే. తర్వాత బస్సు కదిలింది.

"బర్తుంగ్" అంది పిల్ల, ఎక్కిళ్ల మధ్య. దారి అప్పుడే నోటికి వచ్చేసింది.

"ఘాటీ."

"చరియ పడిందా?"

"పడింది. ఇవాళ పెద్దది. దిగుదామా?"

"పొత్తు కొనిపెట్టు."

"కొన్నా. తిను."

మండింది. పిల్ల పెదవి వణికింది, నాయనమ్మ వైపు చూసింది. బాలిమాయా రెండు చేతులతో తన నోరు తానే మూసుకుంది. మనసరా మాస్కు వెనక ఊపిరి బిగబట్టింది. వార్డంతా ఆ చేతి మీది గోధుమరంగు మరక ఎండడం చూస్తూ నిలబడింది.

"ఝుమ్సా. దోభాన్. బుట్వల్."

రెండో చేతికి మళ్లీ తాన్సేన్ నుంచి బయలుదేరారు. ఈసారి రక్తం కొలత ప్రకారం వచ్చింది. దూది అద్ది, సీసాల మీద ఏ చెయ్యో, ఏ వేళో రాశాక, మనసరా బాలిమాయాకు తల ఊపింది. ముసలామె ఆ దూది మీదనే తనివితీరా ఊదింది. ఆ పూటే మందు పడింది.

శుక్రవారం సంతకాజీ తానే వార్డు దాకా నడిచి వచ్చాడు. రెండు సీసాల్లోనూ ఒకే క్రిమి. టైఫాయిడ్. పూసల దండ ఎక్కడా లేదు. తర్వాతి మంగళవారానికి జ్వరం దిగింది. జున్‌కిరీ పప్పూ బియ్యం మెత్తగా ఉడికించిన జావ రెండు గిన్నెలు తిని, మూడోదానికి గొడవ చేసింది. నారు ముదరకముందే బాలిమాయా ఇల్లు చేరింది. పోతూ పోతూ మనసరాకు పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర, గుండ్రుక్, ఒక మూట ఇచ్చి, "నీ నోరు మంచిదే బహినీ, వేళే మంచిది కాదు" అందట.

మనసరా తన పొరపాటును వార్డు పుస్తకంలో తన చేత్తోనే రాసింది, తేదీతో, సంతకంతో. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లి, గోడ మీది పద్ధతుల కాగితంలో ‘చేతులు కడుక్కోండి’ పైన ఒక వరుస చేర్చమంది.

"పుస్తకాల్లో లేదు దిదీ."

"పుస్తకాలు రాసినవాళ్లను నాయనమ్మలు పెంచలేదేమో."

ఆ వరుస ఇప్పటికీ ఉంది: ‘ఇంటివాళ్లు ఊదాలంటే ముందే ఊదనివ్వండి.’ అంతకు ముందు నర్సు అటు తిరిగితే చాలు, తల్లులూ తాతలూ దొంగతనంగా ఊదేసేవాళ్లట. ఇప్పుడు బాహాటంగా ఊది, ఆ తర్వాత నోరు మూసుకు కూర్చుంటున్నారు. చెడే సీసాలు తగ్గాయని సంతకాజీ చెబుతాడు. తన సీసా గురించి మాత్రం ఆయన ఆ పాత మాట మళ్లీ అనకుండా మనసరా చేసింది. "సాక్ష్యం ఒక్కటైతే నమ్మకు కాజీ, ఎవరిదైనా సరే" అంటుంది.

పోయిన శ్రావణంలో నాకు మళ్లీ జ్వరం వచ్చింది. మనసరా ట్రే పట్టుకుని వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎవరైనా ఊదాలా బా?"

"నాకెవరున్నారమ్మా! ఊదేవాళ్లు ఎప్పుడో పోయారు."

ఆమె మాస్కు కిందికి లాగి, వంగి, నా మోచేతి మడతలో ఒకసారి ఊదింది. తర్వాత రెండో చేతి మీద. లేచి వెళ్లి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, మాస్కు ముక్కు మీదికి లాగి బిగించింది. స్పిరిటు చల్లగా తగిలింది, అయోడిను చురుక్కుమంది.

"బస్సెక్కు" అంది. "ఇవాళ చరియ పడేలా ఉంది. తొందరపడకు."

నాకేం తొందర లేదన్నాను.